గేర్‌బాక్సుకి తోడు కూర్చున్న ఊరు

బహుళ పంచమి

ఇంజను పంటు మీద జరిగే పనంతా ఏ రోజుకారోజు రాసి పెట్టమని ఊరిపెద్ద ఎల్లాజీ గారు హుకుం వేశారు. రాస్తున్నాను. నా పేరు గరికిన కాసులమ్మ. పంటులపేటకి ఇంజను మేస్త్రిని. నాకు ముక్కుమీద కోపమని ఊళ్ళో అంటారు. ఈ చిట్టా చదివినవాళ్ళూ అదే అంటారు. అననివ్వండి, నాకేం పోయింది.

పొద్దున్న లేచి మంచుతెరలు పిండాను. రాత్రంతా గాలిలోని తేమ పట్టి ఆ గుడ్డలు మాకు ఇచ్చేదే తాగే నీరు. తర్వాత నాచునూనె వడకట్టి ఇంజను తొట్టెలో పోశాను. పంటు అడుగున పట్టిన గవ్వలు గీకించాను. గీకేవాళ్ళు పాటలు పాడుతూ సగం గవ్వలు వదిలేశారు. మళ్ళీ నీళ్ళలోకి దింపాను.

మాది ముప్పైకి పైగా పంటుల ఊరు. ఒక్కో పంటు మీద నాలుగైదు ఇళ్ళు. తాళ్ళతో ఒకదానికొకటి కట్టుకుని, మునిగిపోయిన ఐసు ఫ్యాక్టరీ పక్కన తేలుతూ ఉంటాం. ఫ్యాక్టరీ కింది అంతస్తులన్నీ సముద్రంలో ఉన్నాయి, పై అంతస్తు ఒక్కటే బయటికి కనిపిస్తుంది. నేల మీద ఊరు ఎలా ఉండేదో మా అమ్మమ్మకి కూడా సరిగ్గా తెలియదు.

ఇప్పుడు ఇక్కడ ఉండే వీల్లేదు. దక్షిణం నుంచి ఎర్రనీరు వస్తోంది. అది వచ్చిన చోట చేప బతకదు, నాచు కుళ్ళిపోతుంది, మంచుతెరలు పిండితే కంపు నీళ్ళు కారుతాయి. ఈశాన్యాన చలవనీరు ఉంది, అక్కడికి వెళ్ళిపోవాలి. ఇంజను ఉంది, మంచి ఇంజనే. కానీ దానికున్నదంతా పరుగే. సరాసరి ఫ్యానుకి తగిలిస్తే నీటి అడుగున ఫ్యాను గిర్రున తిరిగి నురగ రేపుతుంది తప్ప ఊరిని లాగదు. ఆ పరుగుని నెమ్మదిగా, బలంగా మార్చడానికి మధ్యలో గేర్‌బాక్సు కావాలి. ఉన్న పాతది పోయిన వానల్లో పళ్ళు రాలగొట్టుకుంది.

ఈ రోజు మధ్యాహ్నం, తేలే ఊళ్ళ మీద అజమాయిషీ చేసే తీరమండలి నుంచి సుగుణాకర్ గారు రెండు టగ్గులతో, అంటే లాగుడు పడవలతో, వచ్చారు. మనిషి ఆరడుగులు, అంతకు తగ్గ ఒళ్ళు. మర్యాదగానే మాట్లాడారు.

"అమావాస్య దాటితే ఎర్రనీరు మీ దాకా వచ్చేస్తుంది. అమావాస్య మధ్యాహ్నం లోపు మీ ఊరు సొంతంగా కదిలితే సరే. లేదంటే మా టగ్గులు మొత్తం ఊరిని ఒకేసారి లాగలేవు. విడగొట్టి, ఎక్కడ చోటుంటే అక్కడికి చేర్చాలి" అన్నారు.

"ఇడగొట్టడమంటే ఏటండి?" అని మా అక్క దానమ్మ అడిగింది.

"కొన్ని పంటులు ఒక ఊరికి, కొన్ని ఇంకో ఊరికి."

అక్క పంటు ఊరి చివర ఉంటుంది. చేపలు ఎండబెట్టే పంటు. నాది మొదట. మధ్యలో ఊరంత ఊరు ఉన్నా, పుట్టిన దగ్గర నుంచి మేం ఏ పూటా ఒకరి కేక ఒకరికి వినపడనంత దూరం వెళ్ళలేదు. మొదటి పంటులు కొత్తదీవికట, చివరివి గుళ్ళరేవుకట. ఆ రెంటికీ మధ్య వారం ప్రయాణం. ఒకసారి విడిపోయిన ఊరు మళ్ళీ కలిసిన దాఖలా మా ఎరుకలో లేదు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియకుండా మండింది.

బహుళ షష్ఠి

గేర్‌బాక్సు దొరికింది. పూడిక తీసే పెద్ద డ్రెడ్జరు ఓడ ఒకటి మునిగి ఉంది, దాన్లోంచి మా ఈతగాళ్ళు డ్రమ్ములు కట్టి పైకి తేల్చారు. మూడు టన్నుల బరువు ఉంటుంది. మూత విప్పి చూశాను. లోపల పళ్ళు నిగనిగలాడుతున్నాయి. పాతకాలపు వాళ్ళు ఎన్ని పాడుచేసినా కందెన మాత్రం బాగా నింపారు.

దీన్ని ఇంజనుకి బిగించేది ఎలాగో చెప్తాను. ఊరిలో ఇంత బరువు ఎత్తే క్రేను లేదు, ఉన్నా పంటు మీద పెడితే పంటుతో పాటు ఊగుతుంది. కాబట్టి ఐసు ఫ్యాక్టరీ పై అంతస్తులోంచి నీళ్ళ మీదికి పొడుచుకొచ్చిన కాంక్రీటు దూలానికి చైన్‌పుల్లీ కట్టి, గేర్‌బాక్సుని దానికి వేలాడదీశాను. ఫ్యాక్టరీ కదలదు గదా. కదిలేది ఇంజను. ఇంజను పంటునే తాళ్ళతో లాక్కొచ్చి, దూలం కిందకి చేర్చి, ఇంజను మొహం గేర్‌బాక్సు మొహానికి ఆనించాలి. చుట్టూ ఫ్యాక్టరీ గోడలు ఉన్నాయి కాబట్టి అలలు పెద్దగా రావు.

చిక్కల్లా వాలు దగ్గరే. ఇంజను పంటులో కాస్త వెనక్కి వాలి కూర్చుంటుంది. గేర్‌బాక్సు కూడా గాలిలో సరిగ్గా అంతే వాలి వేలాడాలి. సాయంత్రం పంటు మీద నేనొక్కదాన్నే ఉండి ఇంజను వాలు కొలిచాను. ఆ కొలతకి మా బావ చింతాజీ వైరుతో గేర్‌బాక్సుని ఆ వాలులో పట్టి ఉంచే స్లింగు అల్లాడు. అక్క మొగుడు. తాళ్ళూ వైర్లూ అల్లడంలో అతన్ని మించినవాడు లేడు, నోరు మూసుకుని అల్లడం మాత్రం చేతకాదు.

"మరదలా, కొలత సరిగ్గానే తీసేవా? ఊళ్ళో ఉన్న వైరంతా ఇదే. తప్పైతే మళ్ళీ అల్లడానికి నా జుట్టే మిగుల్తాది" అన్నాడు.

"నీ నెత్తి మీద అదీ లేదు కద బావా" అన్నాను.

బహుళ అష్టమి

ఈ రోజుల్లో ఆటుపోట్లు మందంగా ఉంటాయి. నీరు పెద్దగా కదలదు. అందుకే అష్టమి పెట్టుకున్నాను.

మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరు ఏ బరువైన పని మొదలుపెట్టినా ఇంటికొకరు వచ్చి ఆ పంటు మీద కూర్చుంటారు. పని అయ్యేదాకా లేవరు. దీన్ని తోడు కూర్చోవడం అంటాం. నీరు పైకి వచ్చిన తొలి రోజుల్లో ఒంటరిగా పని చేస్తూ నీళ్ళలో పడి పోయినవాళ్ళు చాలామందట. అప్పటి నుంచి ఒంటరి పని లేదు. వచ్చినవాళ్ళు పనిలో చెయ్యి పెట్టరు, వలలు కుట్టుకుంటారు, బఠాణీలు నములుతారు, చేసేవాళ్ళకి సలహాలు చెప్తారు. తోడు లేని పని మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

పొద్దున్నే ఊరంతా దిగింది. అందరికీ పని కనపడాలి కాబట్టి వెనక వైపు ఇంజను గోతి చుట్టూ గుంపుగా కూర్చున్నారు. ఒకావిడ కోళ్ళగంపతో సహా వచ్చింది.

పంటుని దూలం కిందకి చేర్చాం. ఇంజను మొహానికి రెండు పొడుగాటి స్టడ్డులు, అంటే తల లేని బోల్టులు, బిగించి ఉంచాను, గేర్‌బాక్సు వాటి మీదుగా జారి రావాలి. జారింది. జారి, ఆగిపోయింది. పైన లోహానికి లోహం తగిలింది. కింద మాత్రం నా బొటనవేలు దూరేంత సందు.

కొలతలో తప్పు లేదు, స్లింగులో తప్పు లేదు. ఎలా చూసినా నాకు అర్థం కాలేదు. సందు కొలిచే పలచని రేకుల కోసం పెట్టె దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేముందు ఒకటికి రెండుసార్లు చెప్పాను, బోల్టులతో లాగొద్దు, అది జారి రావాలేగాని లాగితే రాదు అని. నేను తిరిగొచ్చేసరికి చింతాజీ బావ కింద బోల్టుకి స్పానరు తగిలించి ఉన్నాడు. చుట్టూ తోడు కూర్చున్నవాళ్ళు, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు, వచ్చేస్తంది అంటున్నారు.

టిక్కుమంది.

చిన్న చప్పుడే. గేర్‌బాక్సు అంచున బోల్టు పట్టే చెవుల్లో ఒకటి పగిలి నెర్రె ఇచ్చింది. ఈ సముద్రంలో ఇంకో గేర్‌బాక్సు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నేను ఏం తిట్టానో ఇక్కడ రాయను. ఎల్లాజీ గారి మనవరాళ్ళు చదువుతారు. చివర్లో మాత్రం ఇది అన్నాను: "ఇక ఈ పంటు మీదికి తోడుకి ఎవరూ రావద్దు. నా పని నేను చేసుకుంటాను."

ఊరు ఊరంతా మౌనంగా లేచి వెళ్ళిపోయింది. కోళ్ళు కూడా అరవలేదు.

బహుళ నవమి

పగిలిన చెవికి ఇనుప పట్టీ వేసి అతికాను. మిగతా చెవులు గట్టిగా ఉన్నాయి, పట్టీ ఆగుతుంది. ఇంకొకటి పగిలితే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

సుగుణాకర్ గారు వచ్చి పంటుల మధ్య తాళ్ళు రెండేసి ఉన్నచోట ఒక్కోటి విప్పించడం మొదలుపెట్టారు, అమావాస్యకి విడదీయడానికి తేలికగా ఉండాలని. ఆయన పని ఆయనది. తాడు విప్పుతున్నప్పుడు ఎల్లాజీ గారు పక్కకి తిరిగి నిలబడ్డారు.

"తోడు వద్దన్నావంట. డెబ్బై ఏళ్ళు దాటేయి నాకు, ఆ మాట ఊళ్ళో ఎవరూ అనగా ఇన్లేదు" అన్నారు నాతో.

"పగిలిన చెవి కూడా ఎవరూ సూసుండరు" అన్నాను.

ఆయన వెనుదిరిగి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. అక్క కూడా ఈ రోజు కబురు పంపలేదు. రోజూ పొద్దున్న ఎండుచేప పంపేది. మధ్యాహ్నం ఒట్టి గంజి తాగాను.

బహుళ దశమి

నేను, చింతాజీ బావ, తాడు లాగే ఇద్దరు, అంతే. పంటు మీద ఇంకెవరూ లేరు. బావ మొన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు, చెప్పిన పని చేస్తున్నాడు. అతను నోరు మూసుకుని పని చేయాలని ఇన్నేళ్ళు కోరుకున్నానా, తీరా మూసుకుంటే భరించలేకపోయాను.

ఇంజను మొహం గేర్‌బాక్సు దగ్గరికి వచ్చింది. చూస్తే సందు అన్ని వైపులా సమానం. పైనా కిందా ఒకటే. మొన్న బొటనవేలు దూరిన చోట ఈ రోజు గోరు దూరదు. నాకు మతి పోయింది. ఏమీ మార్చలేదు, ఎలా సరిపోయింది?

సరిపోయిందన్నది రెప్పపాటు మాటే. ఖాళీ పంటు గిన్నెలో నిమ్మకాయలా ఊగుతోంది. పోటు కాస్త బలం పుంజుకుంది. గోడల మధ్య చిన్న అల వచ్చినా వెనక లేస్తుంది, ముందు దిగుతుంది, పక్కకి దొర్లుతుంది. సందు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. మొన్న మాత్రం పంటు ఇలా ఊగలేదు, రాయిలా కూర్చుంది. గేర్‌బాక్సు షాఫ్టు పళ్ళు ఇంజను కప్లింగు గాడుల్లోకి దూరాలంటే రెండూ ఒక గుక్క సేపైనా కదలకుండా ఉండాలి. మూడుసార్లు ప్రయత్నించాం. మూడోసారి అతికిన చెవి దగ్గర ఠంగుమని తగిలింది. పంటుని వెనక్కి లాగించేశాను.

అప్పుడు అక్క వచ్చింది. పక్క పంటు మీంచి గంప నెత్తిన పెట్టుకుని దూకి, నావైపు చూడకుండా నడిచి, మా పంటు ముందు అంచున, అంటే పనికి ఎంత దూరమో అంత దూరాన, నాకు వీపు పెట్టి కూర్చుంది.

"అక్కా, తోడుకి రావద్దన్నాను కదే."

"నువ్వన్నావు. నేనినలేదు."

"లెగిసి ఎల్లిపో. నాకు కోపం తెప్పించకు."

"నీకు కోపం లేందెప్పుడే. నా సెల్లి ఒంటరిగా పని సేత్తంటే నేను ఇంట్లో కూకోను. అమాస దాటితే నన్ను గుళ్ళరేవులో పడేత్తారు, అక్కడెలాగూ నీకు తోడు కూకోలేను. ఈ నాలుగ్రోజులూ కూకోనీ."

నేను ఇంజను వైపు తిరిగాను. బావ పంటుని మళ్ళీ కొద్దిగా దగ్గరికి తెచ్చాడు. రేకు పైన సందులో పెట్టాను. మామూలుగా బిగువుగా పట్టే రేకు, వదులుగా ఆడింది. కింద పెడితే దూరనే లేదు. కాసేపటి క్రితం రెండూ సమానం.

రేకు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"అక్కా, లెగు."

"లెగను."

"పోట్లాటకి కాదే. ఒక్కసారి లెగిసి ఇటు నా దగ్గరికి రా."

వచ్చింది. రేకు పైన బిగిసింది, కింద వదులయింది.

"మళ్ళీ ఎల్లి ముందు కూకో."

కూర్చుంది. పైన వదులు, కింద బిగువు.

"మళ్ళీ రా."

"ఏటే, నాతో ఆటలాడతన్నావా" అంది అక్క. ఆమెతో పాటు బావ కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు ఆగలేదు, గోతిలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. షష్ఠి నాడు నేను కొలిచింది ఖాళీ పంటుని. అష్టమి నాడు దాని వెనక అంచున ఊరంతా కూర్చుంది, వెనక దిగింది, ఇంజను వాలు మారిపోయింది. అంత బరువుని నేను లెక్కలోకే తీసుకోలేదు. నూనె డ్రమ్ములు లెక్కేశాను, పనిముట్ల పెట్టె లెక్కేశాను, మనుషుల్ని వేయలేదు. మాకు తోడు అంటే ఊపిరిలాంటిది, అది బరువని ఎవరికి తడుతుంది? వేరే ఊరివాడెవడైనా వచ్చి ఒక్క చూపు చూస్తే, అంతమంది వెనకే కూర్చున్నారేంటమ్మా అని అడిగేవాడు.

ఖాళీగా ఉంటే పంటు ఊగుతుంది. మనుషులు ఎక్కితే ఊగదు, కానీ వాలు మారుతుంది. మరి మనుషులు సరైన చోట్ల కూర్చుంటే?

"బావా" అన్నాను, "ఊరంతటికీ కబురు పెట్టు. రేపు తోడుకి రమ్మను. ఇంటికొకరు కాదు, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది."

"నువ్వే పొమ్మన్నావు కదే."

"నేనే రమ్మంటున్నాను. తప్పు నాది అని కూడా సెప్పు. నీ తప్పు కూడా ఉంది, అది మనింట్లో మాట్లాడుకుందాం."

బావ రెండు రోజుల మౌనానికి సరిపడా మాటలు ఆ గంటలో మాట్లాడేశాడు.

బహుళ ఏకాదశి

వచ్చారు. ముసలీ ముతకా, పిల్లా మేకా, అందరూ వచ్చారు. ఎవరి మొహంలోనూ అలక లేదు, లేదా ఉన్నా దాచుకున్నారు. ఎల్లాజీ గారు అందరికంటే ముందు వచ్చి "నన్నెక్కడ కూకోమంటావు మేస్త్రీ" అని అడిగారు. ఆయన నన్ను మేస్త్రీ అని పిలవడం అదే మొదలు.

ఊరిని బరువుల ప్రకారం సర్దాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. లావుపాటి వాళ్ళని రెండు పక్కల అంచులకి, పంటు పక్కలకి దొర్లకుండా. బక్కవాళ్ళని మధ్యలోకి. వెనక గోతి చుట్టూ ఉన్న చోటంతా ఖాళీ చేయించాను. వలల వాళ్ళు, నూనె గానుగ వాళ్ళు, అందరూ వరసల్లో. ఒక పెద్దావిడ "నేను లావా బక్కా" అని అడిగింది. నేను మధ్యలోకి పంపాను. చాలా సంతోషించింది. ఆవిడ లావే, కానీ మధ్యలో కూడా కొంచెం బరువు కావాల్సి వచ్చింది.

అయినా వెనక ఇంకా దిగే ఉంది. ముందు మూల బరువు చాలలేదు. చుట్టూ చూశాను. టగ్గు మీద నిలబడి సుగుణాకర్ గారు వింతగా చూస్తున్నారు.

"అయ్యా, మీరొకసారి దయచేయాలి."

"నేనా? నేనెందుకమ్మా?"

"ముందు ఎడం మూలన కూర్చోవాలి. కదలకుండా."

ఆయన ఊరంతటినీ ఒకసారి చూసి, బూట్లు విప్పి, దిగి వచ్చారు. ఆయన కూర్చోగానే రేకు పైనా కిందా ఒకేలా పట్టింది. మా ఊరి మగాళ్ళు ఇద్దరు కలిస్తే ఆయనొక్కరు. "మీ పని చెడగొట్టేవాణ్ణి మీరే తీసుకొచ్చి తోడు కూర్చోబెట్టారే" అన్నారు పక్కనున్న ఎల్లాజీ గారితో, నవ్వుతూ. "పని సెడగొట్టడానికి కాదులెండి మీరొచ్చింది" అన్నారు ఎల్లాజీ గారు.

పోటు నిండి నీరు నిలిచే సమయం అయింది. ఆ నిలకడ కాసేపే ఉంటుంది, ఈలోపే పని అయిపోవాలి.

"ఎవరూ కదలొద్దు. తుమ్మొస్తే మింగండి" అన్నాను.

పంటు రాయిలా నిలబడింది. అంతమంది మనుషులు, ఒక్క చప్పుడు లేదు. తాడు లాగేవాళ్ళు అంగుళం అంగుళం దగ్గరికి తెచ్చారు. గేర్‌బాక్సు స్టడ్డుల మీదికి ఎక్కింది. జారింది. జారుతూ వచ్చి చివర్లో నాలుగువేళ్ళ దూరంలో ఆగింది. అష్టమి నాడు ఆగినట్టు కాదు, సందు చుట్టూ సమానంగా ఉంది. లోపల పన్నుకి పన్ను ఎదురుపడిందని నాకు అర్థమైంది.

"బావా, బోల్టు ముట్టుకోకు. ఇనుపకడ్డీ పెట్టి ఇంజను చక్రాన్ని కొంచెం తిప్పు. కొంచెం అంటే కొంచెమే."

బావ కడ్డీ పెట్టాడు. చక్రం వెంట్రుకవాసి తిరిగింది. ఇంకో వెంట్రుక.

అప్పుడు ఆ మూడు టన్నులు మెత్తగా, తలుపు గడియ పడ్డట్టు, లోపలికి జారి కూర్చుంది. మొహానికి మొహం. చుట్టూ రేకు పెట్టి చూశాను. అతి పలచని రేకు కూడా ఎక్కడా దూరలేదు. బోల్టులన్నీ చేత్తోనే తిరిగాయి. ఒక్కదానికి కూడా బలం చూపించాల్సిన అవసరం రాలేదు.

"కూకుందా?" అని అక్క ముందు నుంచి అడిగింది, కదలకుండా, వెనక్కి తిరగకుండా.

"కూకుంది" అన్నాను.

ఆ తర్వాత ఊరు చేసిన గోలకి పంటు ఎంత ఊగిందో రాయలేను. బోల్టులు బిగించి గొలుసు వదులు చేశాం, గేర్‌బాక్సు ఇప్పుడు ఇంజనుతో పాటే ఊగుతోంది, ఎంత ఊగినా పర్వాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. మేస్త్రి ఏడ్చిందని రాసుకోండి, సిగ్గేముంది. అక్క వచ్చి కొంగుతో నా మొహం తుడిచి, ఆ కొంగుకి అంటిన గ్రీజు చూసి తిట్టింది. సుగుణాకర్ గారిని కోళ్ళగంప ఆవిడ వదిలిపెట్టలేదు, కోడికూర తినిపించి పంపింది.

బహుళ త్రయోదశి

గేర్‌బాక్సు కాళ్ళు దిమ్మకి బిగించాను. వెనక షాఫ్టు, గేర్‌బాక్సు కప్లింగు తిన్నగా ఉన్నాయో లేదో నాలుగు పక్కలా కొలిచి, కాళ్ళ కింద పలచని రేకులు వేసి సరిచేశాను. ఈసారి కొలిచేటప్పుడు, ప్రయాణంలో ఎవరు ఎక్కడ ఉంటారో వాళ్ళందరినీ అక్కడే నిలబెట్టి మరీ కొలిచాను.

సాయంకాలం ఇంజను వేసి, లివరు ముందుకు తోశాను. పంటు వెనక్కి వెళ్ళి ఐసు ఫ్యాక్టరీ గోడకి గుద్దుకుంది. పెద్దగా ఏమీ కాలేదు, ఒకరి చారు ఒలికిపోయింది. ఈ గేర్‌బాక్సు తిప్పే దిక్కు మా ఫ్యానుకి ఎదురు. ఇప్పుడు మాకు వెనక అంటే ముందు, ముందు అంటే వెనక. రెండు వైపులా సమానమైన బలమే ఉంది కాబట్టి నష్టం లేదు. లివరు మీద ఎర్ర రంగుతో పెద్ద బాణం గుర్తు వేశాను. బావ గనక తప్పు వైపు లాగితే అతని చెయ్యి మీద కూడా వేస్తానని చెప్పాను.

మళ్ళీ లాగి చూశాను. ఈసారి ముందుకు. ఫ్యాను దగ్గర నురగ లేదు. నీరు గుట్టగా పొంగి వెనక్కి నిదానంగా దొర్లింది. అంత నిండైన నీటి తోపు నేను ఈ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు.

విప్పిన తాళ్ళన్నీ చింతాజీ బావ మళ్ళీ వేశాడు. రెండేసి కాదు, మూడేసి.

అమావాస్య

దక్షిణాన నీటి మీద ఎర్రటి గీత కనపడుతోంది. పొద్దున్న మంచుతెరలు పిండితే కొద్దిగా వాసన వచ్చింది. టగ్గులు రెండూ ఊరి వెనక నిలబడ్డాయి. సుగుణాకర్ గారు తన తాడు మా పంటుకి కట్టించలేదు. "ముందు మీరు లాగండి, చూద్దాం" అన్నారు.

ఇంజను గోతిలోంచి ఏమీ కనిపించదు. ఇది అందరికీ తెలిసిందే. పైన ఎల్లాజీ గారు నిలబడి చెప్తారు, కింద నేను చేస్తాను. మొదటి పంటు నుంచి చివరి పంటు దాకా మనిషికో అడుగు దూరంలో ఊరు అంచుల వెంబడి నిలబడింది. ఇంజను మోతలో కేక అందదు కాబట్టి కబురు నోటి నుంచి నోటికి రావాలి.

లివరు మొదటి మెట్టు వేశాను. ఇంజను గొంతు మారింది. పరుగు తగ్గి బరువు ఎత్తుకున్న మనిషి ఊపిరిలా అయింది. గేర్‌బాక్సు మీద చెయ్యి వేశాను. వెచ్చగా, నిబ్బరంగా ఉంది. అతికిన చెవి మీద వేలు పెట్టి ఉంచాను. అదరలేదు.

"మన పంటు కదిలింది" అన్నారు ఎల్లాజీ గారు.

అది పెద్ద సంగతి కాదు. త్రయోదశి నాడు కూడా కదిలింది. వెనక ఊరు ఉంది.

మొదటి తాడు బిగిసిన చప్పుడు గోతిలోకి కూడా వినిపించింది, పంటు ఒళ్ళంతా ఒకసారి జివ్వుమంది. ఇంజను కొద్దిగా కుంగి, మళ్ళీ నిలదొక్కుకుంది. రెండో తాడు బిగిసింది. మళ్ళీ కుంగింది, మళ్ళీ నిలబడింది. ఆ తర్వాతవి నాకు వినపడలేదు, కానీ ఒక్కో పంటు బరువు మీద పడ్డప్పుడల్లా ఇంజను గొంతులో తెలిసిపోతోంది. నూనె గానుగ పంటు వచ్చింది, అది బరువైంది, అక్కడ గట్టిగా మూలిగింది. బడి పంటు తేలిగ్గా వచ్చింది. నేను లెక్కపెట్టలేదు, నాకు లెక్క తెలుసు.

ఫ్యాను దగ్గర నీటి చప్పుడు మారలేదు. నురగ లేదు.

"ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాను.

"ఉండు" అన్నారు ఎల్లాజీ గారు.

చివరి తాడు అన్నిటికంటే పొడుగు, అది నీళ్ళలోంచి లేచి బిగిసేదాకా ఆగాల్సిందే. నా చెయ్యి లివరు మీద చెమటతో జారుతోంది. తుడుచుకోలేదు.

ఇంజను ఇంకోసారి కుంగింది. నిలబడింది.

అప్పుడు దూరంగా ఒక గొంతు, తర్వాత కొంచెం దగ్గరగా ఇంకో గొంతు, తర్వాత ఇంకోటి. మగగొంతు, ఆడగొంతు, పిల్లగొంతు. ఒక్కొక్కరూ అదే మాటని పక్కవాళ్ళకి అందిస్తున్నారు. దగ్గరికి వచ్చేకొద్దీ మాట విడివిడిగా వినిపించింది. చివరికి ఎల్లాజీ గారు గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి వంచి నాతో చెప్పారు.

"దానమ్మ పంటు కదిలిందంట."

లివరు ఇంకో మెట్టు వేశాను.